పెన్షనర్ల స్వర్గంలో పొదుపు పథ్యం

కాకినాడని పెన్షనర్ల స్వర్గం అంటారు. ఆ మాట మొదట అన్న మహానుభావుడికి తప్పకుండా గవర్నమెంటు పెన్షన్ వచ్చుంటుంది. తిన్నని వీధులు, ఎత్తుపల్లాల్లేని నేల, దగ్గర్లో సముద్రం, 1958లో పెట్టిన రంగరాయ మెడికల్ కాలేజీ, దానికి అనుబంధంగా పెద్దాసుపత్రి. నడవడానికి రోడ్డూ, పడితే లేపడానికి ఆసుపత్రీ ఉన్నాక రిటైరైనవాడికి ఇంకేం కావాలని మా ఊరివాళ్ళ ధీమా. స్వర్గం మాట నిజమేనండి. ప్రవేశ రుసుం సంగతే ఎవరూ ముందు చెప్పరు.

నేను పనిచేసింది ఒక ప్రైవేటు కర్మాగారంలో, జమాఖర్చుల సెక్షన్లో. 58 నిండగానే శాలువా కప్పి, వెండిపూత వినాయకుణ్ణి చేతిలో పెట్టి, నాలుగు మంచి మాటలు చెప్పి గేటు దాకా సాగనంపారు. ఆ మీదట నాకొస్తున్నది ఈపీఎస్-95 పెన్షన్. దాని సూత్రం బహు సులువు: జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగించడమే. సులువు అక్కడితో సరి. జీతమంటే మనం తీసుకున్న జీతం కాదు. 2014 సెప్టెంబరుకి ముందు సర్వీసుకి 6,500, ఆ తర్వాత సర్వీసుకి 15,000 మించి లెక్కలోకి రాదు. ఊరందరి లెక్కలూ పైసాతో సహా తేల్చినవాడికి ఆఖరికి తేలింది నెలకి మూడువేల లోపు. కనీస పెన్షన్ వెయ్యి రూపాయలని 2014లో ఖాయం చేశారు. అప్పట్నుంచి లోకంలో అన్నీ పెరిగాయి గానీ ఆ వెయ్యి మాత్రం ఎంతో నిగ్రహంగా వెయ్యిగానే ఉంది. ఆరోగ్యంగా ఉండటమంటే అదేనేమో, బరువు పెరగకపోవడం.

పార్కులో మా బెంచీ మీద ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు కూర్చుంటారు. పెన్షన్ మీద ఇచ్చే కరువు భృతి, అదే డీఆర్, ప్రకటించారా లేదా అని రోజూ పేపరు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా వెతుకుతారు. రావలసింది రాలేదని ఆయన బాధ. నాకా బాధ లేదు. నాకు రావలసిందే లేదు. బీపీ విషయంలో ఇది నాకు కలిసొచ్చిన అంశమని మా డాక్టరు గారు కూడా ఒప్పుకున్నారు.

పీఎఫ్, గ్రాట్యుటీల్లో అమ్మాయి పెళ్ళి పోగా మిగిలింది పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ల పథకంలో వేశాను. వడ్డీ 8.2 శాతం. పది లక్షలకి మూణ్ణెల్లకోసారి 20,500 వస్తుంది. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలలు మొదలవగానే మా ఇంట్లో పండగ. మిగతా పండగలు పంచాంగంలో ఉంటాయి, ఈ నాలుగూ పాస్‌బుక్కులో ఉంటాయి.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, ఈ సొమ్ముతో ఇద్దరు మనుషులు తిని, నడిచి, మందులు మింగి, ఒకరి మీద ఒకరు అరుచుకునేంత ఓపికతో బతకాలి. బతకొచ్చు. అయితే జమాఖర్చుల మనిషిగా ఒక్క సంగతి ముందే మనవి చేస్తాను. ఖర్చు తగ్గించడం ఒకటి, ఖర్చుని వచ్చే ఏటికి తోసేయడం ఒకటి. మార్చి నెలాఖరున కంపెనీల్లో ఈ రెండో పని చాలా నాజూగ్గా జరుగుతుంది. పుస్తకంలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒంట్లో మాత్రం అలా కనిపించవు.

ముందు నడక సంగతి. నడక ఉచితమని అందరూ అంటారు. నడవడం మొదలెట్టబోతున్నానని చెప్పి చూడండి, ఎంత ఉచితమో తెలుస్తుంది. అల్లుడు బూట్ల ధర చెప్పాడు. అది విని ఆ రోజుకి గుండె తగినంత వేగంగా కొట్టుకుంది, వ్యాయామం అయిపోయింది. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి అడుగులు లెక్కపెట్టే గడియారం పంపాడు. అది చేతికి కట్టుకున్నప్పట్నుంచి నాకు మళ్ళీ పైఅధికారి వచ్చినట్టయింది. కాసేపు కూర్చుంటే లేవమంటుంది. లేస్తే నడవమంటుంది. పదివేల అడుగులు పూర్తయితే అద్దం మీద టపాకాయలు కాలుస్తుంది. సర్వీసులో ఏ మేనేజరూ నాకోసం టపాకాయ కాల్చలేదు, ఆ మాటకొస్తే.

ఈ పదివేలు ఎవరు పెట్టారని ఆరా తీశాను. ఆడిట్ బుద్ధి ఎక్కడికి పోతుంది! తీరా చూస్తే ఏ వైద్యుడూ కాదు. 1964లో టోక్యో ఒలింపిక్స్ అయ్యాక జపాన్‌లో అందరికీ ఆరోగ్యం మీద మోజు పుట్టింది. ఆ ఊపులో 1965లో ఒక కంపెనీ నడుముకి కట్టుకునే అడుగుల మీటరు తయారుచేసి, దాని పేరులోనే పదివేల అడుగులు పెట్టి అమ్మింది. సరుకు అమ్ముకోవడానికి వేసిన అంకెని అరవై ఏళ్ళుగా ప్రపంచమంతా చెమటోడ్చి మోస్తోంది. 2019లో హార్వర్డ్ వాళ్ళు సగటున 72 ఏళ్ళున్న ఆడవాళ్ళ మీద చేసిన పరిశోధన చూస్తే నా ప్రాణం లేచొచ్చింది. రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్ళకంటే 4,400 వేసేవాళ్ళలో మరణాలు బాగా తక్కువట. ఆ మేలు 7,500 దాకా పెరుగుతూ వచ్చి, అక్కడితో ఆగిపోయిందట. అంటే 7,501వ అడుగు నుంచి చెప్పుల అరుగుదల తప్ప పుస్తకంలో రాసుకోవడానికి మరేం లేదు. ఈ ముక్క ఇంట్లో విప్పి చెప్పాను.

“అది ఆడవాళ్ళ మీద చేసింది కదండీ, మీకెలా వర్తిస్తుంది?” అంది మా ఆవిడ.

“నీకు వర్తిస్తుంది కదా, అయితే నువ్వు నడు.”

“నేను వంటింట్లోంచి హాల్లోకి మీకు కాఫీ, మంచినీళ్ళు, కళ్ళజోడు అందిస్తూ ఎప్పుడో 7,500 దాటేశాను. కావాలంటే ఆ గడియారం ఒక్కరోజు నా చేతికి కట్టండి.”

కట్టలేదు. రుజువైపోతే ఆ తర్వాత ఎవరి కాఫీ వాళ్ళే తెచ్చుకోవలసొస్తుంది.

ఇక తిండి. తెలుగువాడి ఆరోగ్యం ఈ పాతికేళ్ళలో మూడు మతాలుగా చీలింది, మూడు మతాలవాళ్ళూ మా బెంచీ మీదే ఉన్నారు. మంతెన సత్యనారాయణరాజు గారి మాట విని ఉప్పు మానేసినవారు ఒకరు. వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతిలో కొన్నాళ్ళు కొబ్బరినూనె తాగినవారు ఇంకొకరు. ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు పట్టుకున్నవారు మూడో ఆయన. ముగ్గురూ ఎదుటివాళ్ళ ఆరోగ్యం చూసి జాలిపడతారు. ఎవరి పద్ధతి గొప్పదో చెప్పడానికి నేను వైద్యుణ్ణి కాను, ఖరీదు మాత్రం చెప్పగలను. ఉప్పు మానడం అన్నిటికంటే చవక, ఖర్చు లేకపోగా ఉప్పు డబ్బులు మిగులుతాయి. కొబ్బరినూనె బాగా కలిగినవాళ్ళకి. సిరిధాన్యాల దగ్గరే నాకు మతి పోయింది.

మా అమ్మమ్మ రోజుల్లో చోడంబలి తాగుతున్నామంటే వియ్యాలవారి దగ్గర తల వంచుకునేవారు. గంటెన్నం తిన్నవాడు పక్కింటికెళ్ళి వరన్నం తిన్నానని చెప్పుకునేవాడు. కొర్రలు, సామలు, ఊదలు, అరికలు తినడమంటే ఇంట్లో వడ్లు అయిపోయాయని లెక్క. 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించారో లేదో, ఆ గింజలన్నీ అద్దాల కొట్లోకి ఎక్కి, మెరిసే సంచుల్లోకి దూరి, బియ్యాన్ని చిన్నచూపు చూడటం మొదలెట్టాయి. కిలో కొర్రలు కొందామని వెళ్ళి, ధర చూసి, సంచిని మళ్ళీ జాగ్రత్తగా నిలబెట్టి వచ్చాను. మా అమ్మమ్మ చూస్తే, “ఏరా, మనం అంత డబ్బున్నవాళ్ళమా అప్పట్లో?” అని ఆశ్చర్యపోయేది.

మునగాకు కథ ఇంకా ఘోరం. మా అబ్బాయి డల్లాస్‌లో మునగాకు పొడి డాలర్లు పోసి కొంటాడు. అందులో ఉన్న పోషకాల జాబితా ఫోటో తీసి, “నాన్నా, ఇది మీరు కూడా వాడండి” అని పంపాడు. పక్కింటివారి మునగచెట్టు సగం మా గోడ మీదే వాలి ఉంటుంది. ఏటా ఆషాఢమాసంలో మా ఆవిడ వద్దన్నా మునగాకు కూర చేసి పెడుతూనే ఉంది. పదిహేనేళ్ళ వయసులో కంచం పక్కకి నెట్టేసినవాడే ఈ అబ్బాయి. అప్పుడు తినుంటే ఇప్పుడు ఆ డాలర్లు మిగిలేవి కదా అంటే, అప్పుడు దానికి ఇంగ్లీషు పేరు లేదన్నాడు.

కూరగాయలకి రైతు బజారే. 1999 జనవరిలో ఉమ్మడి రాష్ట్రంలో ఇవి మొదలైనప్పుడు నేను సర్వీసులో ఉన్నాను, వెళ్ళే తీరిక లేదు. ఇప్పుడు తీరికే నా ఆస్తి. గేటు దగ్గర బోర్డు మీద ఆ రోజు ధరలు రాసి ఉంటాయి. ముందు అవి చిన్న కాగితం మీద ఎత్తి రాసుకుంటాను. తర్వాత ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి ఊరికే తిరిగొస్తాను. గడియారం దీన్ని కూడా నడకగానే జమ కడుతుంది. మూడో విడత బేరం.

“ఏవమ్మా, బోర్డు మీద వంకాయ ధర ఒకటుంది, నువ్వొకటి చెబుతున్నావు.”

“అయితే బోర్డు వండుకోండి బాబయ్యా. ఇయి లేతియండి.”

“రెండు కిలోలు తీసుకుంటే?”

“ఇంట్లో ఎంతమందండి మీరు? ఇద్దరే కదా! పాడయిపోతాయండి. అరకిలో సాలు.”

ఇంత నిజాయితీగా నా పొదుపు కాపాడిన మనిషి బ్యాంకుల్లో కూడా తగల్లేదు. మధ్యాహ్నం బజారు ఎత్తేసే వేళకి వెళ్తే సగం ధరకి వస్తాయని మా బెంచీ మీద ఒకాయన సలహా ఇచ్చారు. ఆయన తెచ్చిన బెండకాయలు చూశాను. చేతికర్రలుగా పనికొస్తాయి.

ఉప్పు రోజుకి అయిదు గ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన జాతీయ పోషకాహార సంస్థ ఒకే మాట మీద ఉన్నాయి. అయిదు గ్రాములంటే ఒక టీ చెంచాడు, అందులోనే కూర, పప్పు, పులుసు, మజ్జిగ అన్నీ సర్దుకోవాలి. ఈ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకి తరలివచ్చింది. ఆ కొండల్లోనే ఉండిపోయుంటే ‘మీకు ఆవకాయ గురించి ఏం తెలుసు’ అని దబాయించేవాణ్ణి. మన మధ్యకి వచ్చి, మన కంచాలు కళ్ళారా చూసి మరీ చెబుతోంది కాబట్టి తప్పించుకునే దారి లేదు. మా ఇంట్లో రాజీ ఏమిటంటే, ఆవకాయ మానలేదు, ముక్క తీసి పక్కన పెట్టుకుని చూసుకుంటూ తింటాను. జాడీ అటకెక్కి కూర్చుంది. దింపాలంటే స్టూలు ఎక్కాలి, స్టూలు ఎక్కనివ్వదు మా ఆవిడ. పథ్యానికి ఇంతకంటే చవకైన పద్ధతి లేదు.

పొదుపుకీ ఆరోగ్యానికీ పొత్తు కుదరని చోటు మా ఊళ్ళో ఒకటుంది, అది కాజా దగ్గర. కోటయ్య గారి గొట్టం కాజా సంగతి లోకానికి తెలిసిందే. ‘తినండి, కానీ సగం తినండి’ అన్నారు డాక్టరు గారు. వారు కాకినాడవారు కాదు. గొట్టం కాజా సగం తినడం ప్రకృతి ధర్మాలకి విరుద్ధం. కొరకగానే లోపలి పాకం బయటికి వస్తుంది. మిగతా సగం కింద పెడితే ఆ పాకం చీమల పాలు, నిలువుగా పట్టుకుంటే మోచేతి పాలు. కాబట్టి పూర్తిగా తినాలి, లేదా పూర్తిగా మానాలి. నేను మూణ్ణెల్లకోసారి, పాస్‌బుక్కు పండగ రోజున పూర్తిగా తింటాను. సుబ్బయ్య హోటల్ వైపు మాత్రం ఎవరైనా చుట్టాలొచ్చి, వాళ్ళు డబ్బులిస్తామంటేనే. అక్కడ వడ్డించేవాళ్ళు వద్దంటే వినరు. ఆ ఆప్యాయతకి ఎదురు నిలిచే పథ్యం ఇంకా పుట్టలేదు.

మందుల దగ్గరికి వద్దాం. నాకు షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. కాకినాడలో ఈ వయసుకి ఇవి లేవంటే పెన్షనరు కాడేమోనని అనుమానిస్తారు. మందులు జన ఔషధి కేంద్రంలో కొంటాను. 2008లో మొదలైన ఈ కొట్లలో మందు ధర బ్రాండు ధరలో సగం, కొన్నిటికి పదోవంతే ఉంటుంది. మొదటిసారి తెచ్చినప్పుడు మా ఆవిడ ఆ డబ్బాని అటూఇటూ తిప్పి చూసి, “ఇంత చవకేంటండీ, నిజంగా పనిచేస్తుందా?” అంది. మెట్‌ఫార్మిన్ అనేది ఏ డబ్బాలో ఉన్నా మెట్‌ఫార్మినే అని, పెద్ద అక్షరాల్లో ఉన్నది కంపెనీ పెట్టుకున్న పేరు, చిన్న అక్షరాల్లో ఉన్నది మందు అని అరగంట చెప్పాను. డాక్టరు గారిని అడిగి, ఆయన సరేనన్నాకే నమ్మింది. నమ్మి, “మరి అంత ధర ఇన్నాళ్ళూ ఎందుకిచ్చారు?” అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, డాక్టరు గారూ ఆ సమయానికి ఫోను మాట్లాడుతున్నారు.

మందుల మీద పొదుపులో మా బెంచీకి ఇంకో మార్గం కూడా ఉంది. అదేమిటంటే సహకార వైద్యం. ఒకాయనకి మోకాలి నొప్పి అంటే ఇంకొకాయన జేబులోంచి తన మాత్ర తీసి ఇస్తారు. “నాకు రెండింటికే తగ్గింది, మీరు ఒకటిన్నర వేసుకోండి” అని మోతాదు కూడా చెబుతారు. మాత్ర ఇచ్చినాయన సర్వేశాఖలో చేశాడా, సహకార శాఖలో చేశాడా అనేది ఎవరూ అడగరు. హెడ్మాస్టారు ఒక్కరే దీనికి అడ్డం. “పరీక్ష హాల్లో పక్కవాడి పేపరు చూసి రాస్తే ఏమవుతుందో మీకు తెలియదా?” అని గదమాయిస్తారు. ఆయన ఉన్నంతసేపూ జేబులు కదలవు.

తహసీల్దారుగా చేసి రిటైరైన ఒకాయన లెక్క ఇంకా విడ్డూరం. పెన్షన్ దండిగా ఉంది, పొదుపు మాత్రం అలవాటుగా వచ్చింది. బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకునేవారు. ఒంట్లో తేడా ఏం తెలియడం లేదు కదా, రోజూ ఎందుకు దండగ అని ఆయన వాదన. రక్తపోటు పెరిగినా చాలామందికి ఏమీ తెలియదనీ, దాంతో చిక్కే అదనీ ఆయనకి ఎవరు చెప్పినా ఫైలు మీద ‘చూచితిని’ అని రాసేసినట్టు తలూపేవారు. ఒకరోజు ఆసుపత్రిలో పట్టీ చుట్టి చూస్తే పై అంకె 190.

“ఇవాళ మాత్ర వేసుకున్నారా అండీ?” అంది చిన్న డాక్టరమ్మ.

“లేదమ్మా, ఇవాళ సెలవు.”

“మాత్రకి సెలవిచ్చారు సరే, బీపీకి కూడా ఇచ్చారా?”

అప్పట్నుంచి రోజూ వేసుకుంటున్నారు. నెలకి ఎంత అదనమని అడిగితే చెప్పడానికి సిగ్గుపడ్డారు. మేము తాగే టీ ఖర్చులో అది సగం లేదు.

షుగరు పరీక్షలో కూడా మావాళ్ళు చాలా తెలివిగా ఉండేవారు. పరీక్ష రేపనగా రెండ్రోజులు ఉపవాసం ఉండి, కాకరకాయ రసం తాగి, పొద్దున్నే మచ్చలేని మనిషిగా వెళ్ళి రక్తమిచ్చి, అక్కణ్ణుంచి తిన్నగా పెసరట్టు ఉప్మాకి వెళ్ళేవారు. హెచ్‌బీఏ1సీ పరీక్ష వచ్చి ఈ కాపురాలన్నీ కూల్చింది. అది ఆ రోజు షుగరు చూడదు, గడిచిన రెండు మూడు నెలల సగటు చూస్తుంది. ఆఖరి రోజున పుస్తకాలు సర్దేసి ఆడిటర్ని మభ్యపెట్టేవాళ్ళకి ఇది త్రైమాసిక ఆడిట్ లాంటిది, పాత వోచర్లన్నీ బయటపడతాయి. నా పాస్‌బుక్కు పండగ కాజా కూడా ఎక్కడో ఓ మూల దొరికే ఉంటుంది.

నఖశిఖ పర్యంతం పరీక్షలు చేస్తామని, భార్యాభర్తలకి కలిపి తగ్గింపు ఇస్తామని రోజూ ఫోన్లొస్తాయి. డెబ్భై రకాలు చేస్తే అందులో ఏదో నాలుగు ఎర్రక్షరాల్లో రాక మానవు, ఆ నాలుగింటికీ మళ్ళీ ఎనిమిది పరీక్షలు. ‘నా రోగాలకి నిజంగా కావలసినవి ఏవో రాసివ్వండి’ అని డాక్టర్ని అడిగితే వేళ్ళమీద లెక్కపెట్టేన్ని రాశారు, అందులో ఏడాదికోసారి కంటి లోపలి పొర చూపించుకోవడం ఒకటి. షుగరున్నవాళ్ళు దాన్ని ఎగ్గొట్టకూడదట. నేను ఎగ్గొట్టడం లేదు. పేపర్లో చిన్నక్షరాలు చదవలేకపోతే వడ్డీ రేట్లు ఎలా తెలుస్తాయి?

ఆరోగ్య బీమా గురించి చెప్పాలంటే ముందు కూర్చోవాలి. 65 దాటినవాళ్ళకి కొత్త పాలసీ ఇవ్వొచ్చని 2024లో బీమా నియంత్రణ సంస్థ వయసు అడ్డం తీసేసింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా ఎత్తేశారు. రెండూ మంచి కబుర్లే. రెంటికీ సంతోషించి మా ఇద్దరికీ ప్రీమియం ఎంతో కనుక్కుంటే, నా ఏడాది పెన్షన్ అంతా పోసినా చాలలేదు. అంటే బీమా చేయించుకుంటే తిండి ఉండదు, తిండి లేకపోతే జబ్బు, జబ్బు చేస్తే బీమా ఉంది. ఇందులో లోపం ఎక్కడుందో మా ఏజెంటు ఇంకా చెప్పలేదు.

ఇప్పుడు నా ఆశలన్నీ డెబ్భై మీద ఉన్నాయి. 70 నిండిన ప్రతివాళ్ళకీ, ఆదాయంతో పని లేకుండా, కుటుంబానికి ఏడాదికి అయిదు లక్షల దాకా ఆసుపత్రి వైద్యం ఉచితమని ఆయుష్మాన్ భారత్‌లో 2024 అక్టోబరు 29న చేర్చారు. వయ వందన కార్డు ఇస్తారు. ఈ దెబ్బతో మా పార్కులో వయసు చెప్పుకునే తీరే మారిపోయింది. మొన్నటిదాకా ‘ఇప్పుడే అరవై దాటాయండి’ అంటూ జుట్టుకి రంగేసినవాళ్ళంతా ఆధార్ తీసి డెబ్భై ఒకటని చూపించుకుంటున్నారు. నాకు 68. బళ్ళో చేర్చేటప్పుడు మా నాన్నగారు ఏడాది తగ్గించి వేయించారు, రిటైర్మెంటుకి పనికొస్తుందని. ఆ దూరదృష్టికి అప్పట్లో దణ్ణం పెట్టుకున్నాను. ఇప్పుడు ఒక ఏడాది ఎక్కువగా ఆరోగ్యంగా ఉండి తీరాల్సిన బాధ్యత నా మీద పడింది.

బతికుండటమే కాదు, బతికున్నట్టు ఏటా రుజువు కూడా చేయాలి. ఇదివరకు వేలిముద్ర వేయమనేవారు. వయసుకి వేళ్ళ మీద గీతలు అరిగిపోయి, యంత్రం ఎర్రదీపం వెలిగించి మనల్ని పోయినవాళ్ళలో కలిపేసేది. ఇప్పుడు ఫోన్లో ముఖం చూపించి కళ్ళు ఆర్పితే చాలు. మా హెడ్మాస్టారు గారు జీవితమంతా పిల్లల్ని గుడ్లురిమి చూసినవారు కావడంతో కన్ను ఆర్పడం ఓ పట్టాన కుదరలేదు. పక్కన ఆయన మనవడు, “తాతా, బతుకు తాతా” అని బతిమాలుతుంటే మాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ప్రయాణాల విషయంలో మాత్రం మా ఆవిడ నాకంటే ఎంతో ముందుంది. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. నాకు సీనియర్ సిటిజనుగా పాతిక శాతం రాయితీ, డెబ్భై అయిదు శాతం కట్టాలి. రైల్లో మగవాళ్ళకి నలభై, ఆడవాళ్ళకి యాభై శాతం రాయితీ ఉండేది, 2020 మార్చిలో కరోనాతో ఆపేశారు. కరోనా వెళ్ళిపోయింది, రాయితీ తిరిగిరాలేదు. దీంతో ఇంట్లో లెక్క మారిపోయింది. పిఠాపురం, సామర్లకోట, అన్నవరం, ఎక్కడికైనా సరే ఆవిడ ఒక సంచీ, ఒక నీళ్ళ సీసా, పక్కవీధి స్నేహితురాళ్ళతో బయల్దేరుతుంది. “నేనూ రానా?” అంటే, “మీకైతే ఖర్చండీ” అంటుంది. అన్నవరం కొండ మెట్లెక్కి దిగుతుంది, మోకాళ్ళ నొప్పులని ఇన్నాళ్ళూ అన్న మనిషేనా అనిపిస్తుంది. మనిషిలో కొత్త కళ వచ్చింది, మాటలో హుషారొచ్చింది. నేను చద్దన్నంలో మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ, పొట్టకి ఇదే అమృతమని చెప్పే వీడియోలు చూస్తూ ఆవిడ తెచ్చే ప్రసాదం కోసం ఎదురుచూస్తుంటాను. ఆరోగ్యం కోసం ఏ ప్రభుత్వం ఏ మందు కనిపెట్టినా, మా ఆవిడ మీద పనిచేసింది మాత్రం సున్నా రూపాయల టిక్కెట్టే.

నిజం చెప్పాలంటే నా మీద పనిచేస్తున్నది పార్కు బెంచీ. దానికి టిక్కెట్టు లేదు, జీఎస్టీ లేదు. పిల్లలు డల్లాస్‌లోనూ బెంగళూరులోనూ ఉన్నవాళ్ళం, ఒకరోజు రాకపోతే ఎవరో ఒకరు ఇంటికొచ్చి తలుపు కొడతారు. ఎందుకు రాలేదని తిడతారు కూడా. అయిదుగురం కలిసి ఒక్క పేపరు కొంటాం, ఆ పేపరు మీద గంట కొట్లాడుకుంటాం.

ఆ బెంచీ మీద ఈ మధ్య ఒక చోటు చాలా రోజులు ఖాళీగా ఉండిపోయింది. ఉప్పు మానిన పెద్దమనిషిది. బీపీ లేదు, షుగరు లేదు, పొట్ట లేదు, మా అందరికీ ఆయన్ని చూపించి ఇళ్ళలో చీవాట్లు పెట్టేవారు. కరెంటు బిల్లు తగ్గుతుందని స్నానాలగది దారిలో బల్బు తీసేశారు. నున్నటి పలకలు మార్పించాలంటే ఖర్చని ఊరుకున్నారు. రాత్రి రెండింటికి లేచి, తడి మీద కాలు జారి, తుంటి విరిగింది. ఆపరేషనుకి అయినది వింటే మా పదేళ్ళ పొదుపులు అందులో కొట్టుకుపోతాయి. ఇప్పుడు వాకర్ పట్టుకుని వస్తున్నారు. హాస్యానికి లోటు లేదు, “బల్బు మీద ఎంత మిగిలిందో లెక్కేసి చెప్పవయ్యా గుమాస్తా” అంటారు నన్ను.

లెక్కేశాను, ఆయనకి చెప్పలేదు. మీకు చెబుతాను. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు రాత్రంతా పది గంటలు వెలిగినా నెలకి మూడు యూనిట్లు దాటదు.

కాబట్టి అయ్యా, అమ్మా, బూట్లు తర్వాత కొనుక్కోవచ్చు, కొర్రలు అసలు కొనకపోయినా ఫరవాలేదు. ముందు స్నానాలగది దారిలో ఒక బల్బు పెట్టించండి, లోపల గోడకి పట్టుకోవడానికి ఒక గట్టి కడ్డీ బిగించండి. బిగించేవాడు కూలి ఎక్కువ అడిగితే, ఈ ఒక్కసారికి బేరమాడకండి.